పులి ముక్కు పెట్టిన చోటు

దయ్యాలంటే, గాలి సోకడమంటే నాకు మొదటి నుంచీ నమ్మకం లేదు. మా ఆయన పోయినప్పుడు ఎవరో తాయెత్తు తెచ్చి కట్టుకోమంటే తెంపి కాలవలో పడేశాను. నేను ఎండుచేపలు అమ్ముకునేదాన్ని. దయ్యం వచ్చి పక్కన కూర్చున్నా ఆ వాసనకు లేచిపోవాల్సిందేనని నవ్వేదాన్ని. ఇప్పుడూ దయ్యాలను నమ్మను. కానీ ఒక సంగతి ఉంది, అది మాత్రం నాకు ఎటూ తెగడం లేదు.

నాకు చదువు సంతకం వరకే. నేను చెబుతుంటే నా బిడ్డ స్వప్న రాస్తోంది. రోడ్డు పక్కన ఇరవై ఏళ్లు అరిచి అరిచి నా గొంతు బొంగురుపోయింది కాబట్టి, మధ్యమధ్య ఆగుతూ చెబుతున్నాను.

మేముండేది కొత్తపేటలో, రైతుబజారు వెనక గల్లీలో. పైన ఒక గది, వంటిల్లు. కిరాయి ఇల్లు. ఎండుచేపలు అమ్మే మనిషికి ఎవరు ఇల్లిస్తారు? నాలుగు చోట్ల పొమ్మన్నారు. ఐదో ఇంటి ఓనరమ్మ ఆంధ్ర వైపు నుంచి వచ్చిన మనిషి. నా గంపలో ఎండు నెత్తళ్లు చూసి, లోపలికి రమ్మని కుర్చీ వేసింది. ఆ రోజు నుంచి ఆమె కిందింట్లో, మేము పైన.

పులి మా కుక్క పేరు. బక్క కుక్క. టపాకాయ పేలితే మంచం కిందకు దూరుతుంది. అయినా మా ఆయన దానికి పులి అని పేరు పెట్టాడు. ఆయన పేరు నర్సింహ. పండ్ల మార్కెట్‌లో ట్రాలీ ఆటో నడిపేవాడు. మార్కెట్ కొత్తపేట నుంచి బాటసింగారం పోయాక రోజూ అంత దూరం పోయి వచ్చేవాడు. సాయంత్రం వచ్చి చొక్కా విప్పి గడపలో కూర్చుంటే, పులి వచ్చి ఆయన కుడి డొక్కలో ముక్కు పెట్టేది. పక్కటెముకల కింద, ఒకే చోట. నాకడం లేదు, కరవడం లేదు. ముక్కు ఆనించి కదలకుండా నిలబడేది.

"నా కడుపుల బోటి కూర ఉన్నదనుకుంటున్నదే ఇది," అని ఆయన నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని.

అట్లా మొదలైన ఐదారు నెలలకు ఆయనకు కళ్లు పచ్చబడ్డాయి. దవాఖానలో పొట్ట స్కాన్ తీసి, కాలేయంలో గడ్డ అన్నారు, ముదిరిపోయింది అన్నారు. రెండు నెలలు కూడా ఉండలేదు. పన్నెండో రోజు చుట్టాలంతా తిని పోయాక, గిన్నెలు తోముతుంటే నాకు ఆ డొక్క గుర్తొచ్చింది. డాక్టరు చెయ్యి పెట్టి చూపించిన చోటు అదే. చేతిలో గిన్నె అట్లాగే పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఈ మాట ఎవరితోనూ అనలేదు. స్వప్నతో కూడా.

ఆయన పోయి రెండేళ్లు దాటింది. ఆషాఢం వచ్చింది, బోనాల రోజులు. నాకు బేరాలు బాగా ఉండే నెల అది. ఒక సాయంత్రం గంప దించి గోడకు ఆనుకుని కాళ్లు చాపుకున్నాను. పులి వచ్చింది. నా ఎడమ రొమ్ము పక్కన, చంక దగ్గర ముక్కు పెట్టింది. నిలబడింది.

తోసేశాను. మళ్లీ వచ్చింది. మర్నాడూ అంతే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వ్యాపారం చేసే ఆడవాళ్లం జాకెట్టులో ఒక చిన్న గుడ్డసంచి పెట్టుకుంటాం. నాది ఎడమవైపు ఉండేది. బేరాల పైసలు, తాళంచెవి, నాలుగు వక్కపలుకులు అందులోనే. రొయ్యపొట్టు పట్టుకున్న చేతితోనే దాన్ని వందసార్లు తీసి పెడతాను. ఆ సంచిని సబ్బుతో ఉతికినా వాసన పోదు. ఇంకేం, కుక్క దాని కోసమే వస్తోంది అనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను.

ఓనరమ్మ కూడా అదే అంది. "నీ జాకెట్టు నిండా ఎండుచేపలే కదే యాదమ్మా! కుక్కేంటి, నాకే వంకాయ తెచ్చి పొయ్యి మీద పెట్టాలనిపిస్తోంది!"

నవ్వాం. కానీ ఆ రాత్రి సంచిని తీసి కుడివైపు పెట్టుకున్నాను. మర్నాడు పులి వచ్చి ఎడమవైపే ముక్కు పెట్టింది. సంచి వైపు చూడను కూడా చూడలేదు. ఇన్నేళ్లు ఎడమవైపు ఉంది కదా, ఒంటికే వాసన పట్టి ఉంటుంది అని నాకు నేనే చెప్పుకున్నాను. చేతితో తడిమి చూసుకున్నాను. ఏమీ తగల్లేదు. నొప్పి లేదు. అయినా అన్నం సహించడం మానేసింది.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. శ్రావణం వస్తోంది. శ్రావణంలో మా దగ్గర చాలామంది నీచు ముట్టరు. నేనూ ముట్టను. ఆ నెలంతా గంపలు, గోనెలు కడిగి అటక మీద పెట్టి, మక్కజొన్న కంకులు కాల్చి అమ్ముతాను. ఇల్లంతా కడుక్కుంటాను. ఇక ఎండుచేపల వాసన ఎక్కడిది? శ్రావణంలో కూడా పులి వస్తే అది వేరే సంగతి, రాకపోతే వాసన సంగతి. తేలిపోతుంది.

అట్లా అనుకుని మూడు వారాలు కాచుకున్నాను. కానీ అమావాస్య దగ్గర పడేసరికి నా ధైర్యం చచ్చిపోయింది. తేలిపోతే ఏం చేయాలి? ఆయన మంచం మీద ఎట్లా అయిపోయాడో చూసినదాన్ని. స్వప్నకు ఇంకా ఇరవై రెండేళ్లు. చైతన్యపురిలో ఒక లేడీస్ హాస్టల్‌లో వార్డెన్‌గా చేస్తోంది. దానికి నేను తప్ప ఎవరున్నారు?

అందుకని అమావాస్య ముందురోజు నా తమ్ముడు అంజయ్యను పిలిచి కుక్కను అప్పజెప్పాను. వాడు బాటసింగారం మార్కెట్‌లో హమాలీ. ఓనరమ్మకు ఇబ్బందిగా ఉందిరా అని అబద్ధం చెప్పాను. పులి ఆటోలో కూర్చుని నా వైపే చూస్తూ పోయింది. తలుపు వేసుకున్నాను. స్వప్న సాయంత్రం వచ్చి నాతో పెద్ద గొడవ పెట్టుకుంది. "నాయిన పెంచిన కుక్కమ్మా అది! నీకు మనసెట్ల ఒప్పింది?" అంది.

శ్రావణం మొదలైంది. ఇల్లు కడిగాను. పాత సంచి పారేసి కొత్త గుడ్డతో కుట్టుకున్నాను. జాకెట్లన్నీ ఉడకబెట్టి ఉతికాను. పది రోజులు గడిచాయి. కంకుల బేరం తప్ప ఇంకేదీ ముట్టలేదు.

పదకొండో రోజు అంజయ్య ఫోను. "అక్కా, గీ కుక్కతోని పరేషాన్ అయితున్న. నాలుగు రోజులాయె, బువ్వ ముడ్తలేదు. రోడ్డు దిక్కు మొకం పెట్టి కూసుంటున్నది. సస్తే గా పాపం నాకెందుకే? జర ఒచ్చి తోల్కపో."

ఆదివారం స్వప్న, నేను బస్సెక్కి పోయాం. పొద్దున తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని వెళ్లాను. వాడి ఇల్లు మార్కెట్ వెనక. పులి డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి. స్వప్నను చూసి తోక ఊపింది. స్వప్న చేతిలో బిస్కెట్ పాకెట్టు ఉంది, విప్పి ముందు పెట్టింది. పులి దాన్ని దాటుకుని నా దగ్గరకు వచ్చింది. నేను అరుగు మీద కూర్చుని ఉన్నాను. ముందరి కాళ్లు నా ఒళ్లో పెట్టి, ఎడమవైపు, అదే చోట ముక్కు ఆనించి నిలబడిపోయింది.

నాకు ఏడుపు ఆగలేదు. అప్పుడు చెప్పాను స్వప్నకు. నాయిన డొక్క సంగతి, సంచి సంగతి, శ్రావణం సంగతి, అన్నీ.

అది నన్ను తిట్టలేదు. "రేపు పోదాం," అంది. అంతే. పులిని ఆటోలో మా మధ్యన కూర్చోబెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాం.

మర్నాడు దవాఖానకు పోయాం. ఆడ డాక్టరు. పడుకోబెట్టి చాలాసేపు చేతితో చూసింది. గడ్డ ఏమీ తగలడం లేదమ్మా అంది. నొప్పా అంటే లేదన్నాను. నీరు కారుతోందా అంటే లేదన్నాను.

"మరి పరీక్ష చేయించుకోమని ఎవరు చెప్పారు?"

స్వప్న ఏదో అనబోయింది. నా నోరు ఆగలేదు. "మా కుక్క చెప్పింది మేడం."

ఆమె నా మొహం చూసింది. "దానికి ఫీజు ఇచ్చావా?" అంది.

"ఇయ్యలేదు మేడం. ఎల్లగొట్టిన."

ఆమె నవ్వలేదు. నీ వయసుకు ఎట్లాగూ ఒకసారి తీయించుకోవాలి అంటూ రొమ్ము స్కాన్ రాసింది. స్కాన్‌లో దొరికింది. శనగగింజంత ఉంది, లోపల ఎముక వైపు, చేతికి అందని చోట. సూదితో ముక్క తీసి పరీక్షకు పంపారు. వారం రోజులు. ఆ వారంలో నేను నిద్రపోయానని చెప్పను.

అది చెడ్డ గడ్డే. కానీ చిన్నది, ఎక్కడికీ పాకలేదు. అంతవరకే కోసి తీశారు, రొమ్ము ఉంచారు. తర్వాత వారాల తరబడి కరెంటు పెట్టారు, రేడియేషన్ అంటారట. చర్మం కమిలింది, ఒళ్లు నీరసం, అంతే. ఇంకో ఏడాది ఆగి వస్తే ఈ మాట చెప్పగలిగేదాన్ని కాదమ్మా అని డాక్టరు అంది.

ఆపరేషన్ అయి ఇంటికి వచ్చాక జరిగింది చెబుతాను. స్వప్న పులిని పైకి రానివ్వలేదు, కుట్లు పచ్చిగా ఉన్నాయని. కుట్లు విప్పాక ఒక పొద్దున నేనే పిలిచాను. నేల మీద కూర్చున్నాను. పులి వచ్చింది. నా పాదాలు వాసన చూసింది, మోకాలు చూసింది, ఎడమ చెయ్యి చూసింది. మందు వాసనకు కాబోలు, గట్టిగా తుమ్మింది. తర్వాత నన్ను దాటి పోయి, గిన్నె దగ్గర నిలబడి అన్నం పెట్టమని మొరిగింది.

ఆ రోజు నేను రెండుసార్లు అన్నం తిన్నాను. స్వప్న వంటింట్లో అటు తిరిగి కళ్లు తుడుచుకోవడం చూశాను, చూడనట్టు ఊరుకున్నాను.

ఆరు నెలలకు మళ్లీ పరీక్ష చేశారు. ఏమీ లేదన్నారు. ఇంకో ఆరు నెలలకు చేశారు. ఏమీ లేదు. గంప మళ్లీ నెత్తికెత్తుకున్నాను. సంచి ఎడమవైపే పెట్టుకుంటున్నాను. రొయ్యపొట్టు వాసన ఎప్పటిలాగే ఉంది. పులి అటు వైపు రావడం లేదు.

డాక్టరమ్మను అడిగాను, ఎట్లా తెలిసింది మేడం దానికి అని. కుక్కల ముక్కుకు ఏవేవో అందుతాయంటారు, నేను మాత్రం చెప్పలేను అంది. సరే, ముక్కే అనుకుందాం. ఇరవై ఏళ్ల ఎండుచేపల వాసన కింద, అంత లోతున, శనగగింజంత దాని వాసన ఎట్లా తగిలింది? ఎదురుగా బిస్కెట్లు పెడితే, నాలుగు రోజులు పస్తున్న జీవి వాటిని ఎట్లా దాటింది? ఎంత ఆలోచించినా నాకు దొరకదు. మా ఆయన విషయంలో ముందే తెలుసుకోలేకపోయానే అన్న బాధ మాత్రం ఉంది, అది పోదు.

ఇప్పుడు మా గల్లీలో ఒక కొత్త అలవాటు వచ్చింది. ఓనరమ్మ పొద్దున్నే పాలపాకెట్టు వంకతో మెట్లెక్కి వస్తుంది. పాలు నా చేతిలో పెట్టాక పోదు. పులి పడుకున్న చోటికి పోయి, చీర కుచ్చిళ్లు పట్టుకుని, ఫొటో తీయించుకునే మనిషిలా నిటారుగా నిలబడుతుంది. పులి ఒక కన్ను తెరిచి, మళ్లీ మూసుకుంటుంది.

"ఏం లేదు కదే యాదమ్మా?" అంటుంది.

"ఏం లేదమ్మా, పో," అంటాను.

ఆమె ఊపిరి వదిలి మెట్లు దిగుతుంది. నేను పాలు పొయ్యి మీద పెడతాను.