మొదటి వడ్డనకే ఫొటో

"ఇప్పటికి ఇన్సులిన్ వద్దులెండి," అన్నారు డాక్టరుగారు, నా రిపోర్టు బల్ల మీద పెట్టి. మూడు నెలల షుగర్ సగటు తొమ్మిదిన్నర నుంచి ఏడున్నరకు దిగింది. నరసరావుపేటలో ఆ ఆసుపత్రి మెట్లు దిగుతూ చొక్కా మీదుగా పొట్ట తడుముకున్నాను. ఆ పొట్ట మీద రోజూ సూది గుచ్చుకోవాల్సి వస్తుందని మూడు నెలలుగా నాకు సరిగా నిద్రలేదు. ముప్పై ఏళ్లు పత్రికలో పనిచేశాను, ఎన్నో ఆసుపత్రుల వార్తలు రాశాను. సూదంటే మాత్రం చిన్నప్పటి భయం పోలేదు.

అంతకు ఆరు నెలల ముందు ఆ డాక్టరుగారే నా ఫోన్‌లో ఒక యాప్ వేయించారు. తినేముందు పళ్లెం ఫొటో తీస్తే, అందులో అన్నం ఎంతుందో అంచనా కట్టి ఆకుపచ్చో, పసుపో, ఎరుపో చూపిస్తుంది. కొర్రలు, జొన్నలు తినమంటుంది. అవి మెట్ట చేలల్లో తక్కువ నీళ్లతో పండుతాయనీ చెబుతుంది. నేను బుద్ధిగా ప్రతి పూటా ఫొటో తీశాను. ప్రతి పూటా ఆకుపచ్చే. మూడు నెలలకు పరీక్ష చేయిస్తే షుగర్ పెరిగింది. ఇంకో మూడు నెలల్లో తగ్గకపోతే ఇన్సులినే అన్నారు.

తప్పు పట్టుకున్నది మా పక్కింటి మెకానిక్. ఆయనకూ షుగరే, ఆయన ఫోన్‌లోనూ అదే యాప్. ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చి, నేను భోంచేస్తుంటే ఎదురుగా కూర్చున్నాడు. పప్పులోకి రెండు గరిటెల అన్నం పెట్టుకుని ఫొటో తీశాను. ఆకుపచ్చ. తర్వాత పులుసులోకి ఒకసారి, పెరుగులోకి ఒకసారి మా ఆవిడ మారు వడ్డించింది. మా ఇళ్లలో అన్నం అంతా ఒకేసారి పెట్టుకోవడం ఎవరికీ అలవాటు లేదు.

"అన్నా, ఈ రెండింటికీ ఫొటో ఏదీ?" అన్నాడు.

"ఇందాక తీశాగా."

"అది పప్పన్నానికి. మీటరేమో వీధి చివర ఆపేసి, బండి మాచర్ల దాకా తోలావు. మీటరు చూస్తే నీ బండి వీధే దాటలేదంటదిలే!"

మా ఆవిడ గరిటె పట్టుకునే నవ్వింది. "ఊరందరి తప్పులూ పేపర్లో రాశాడు తమ్ముడూ. తన కంచం కనపళ్ళా."

ఆ రాత్రి నుంచి తినబోయేదంతా ముందే గిన్నెల్లో పెట్టుకుని ఒక్కచోట ఫొటో తీశాను. మొదట ఎరుపు వచ్చింది. రెండో వారానికి పసుపుకు తిరిగింది. కారంపూడి రైతు ఒకాయన వాట్సాప్ గ్రూపులో అమ్ముతున్న కొర్రలు తెప్పించుకున్నాం. పెరుగులోకి కొర్రన్నం నోటికి అలవాటు కావడానికి నెల పట్టింది. మారు అడగకుండా లేస్తుంటే మొదట్లో పరాయి ఇంట్లో తిన్నట్టు ఉండేది. ఇప్పుడు అట్లా లేదు.

రిపోర్టు చూసిన రోజే డాక్టరుగారు మా ఆవిడకూ పరీక్ష చేయించమన్నారు. ఇంటికొచ్చి చెప్తే, "నాకేందయ్యా, గుండ్రాయిలా ఉన్నా," అంది. ఆమె నా తర్వాత వంటింట్లోనే, గిన్నెల్లో మిగిలింది కలుపుకుని తింటుంది. ఎంత తింటుందో నాకూ తెలియదు, ఆమెకూ తెలియదు. మొన్న మళ్లీ అడిగాను. మిరపకాయల తొడిమెలు తీయడం అయ్యాక చూద్దామంది. తొడిమెలు తీయడం అయిపోయింది. పరీక్షకు మాత్రం ఆమె ఇంకా రాలేదు.