చొక్కా వేసుకున్న బట్టమేక

కరోనా రావడానికి ముందటి ఏడాది, వానలు వెనకబడుతున్న రోజుల్లో, బళ్ళారి జిల్లాలో ఆంధ్రను ఆనుకుని ఉన్న ఒక రేంజికి నన్ను అటవీ అధికారిగా వేశారు. రేంజిని బీట్లుగా విడగొట్టి ఒక్కో బీటుకు ఒక గార్డును పెడతారు. వాళ్ళందరి మీదా రేంజి అధికారి, ఆయన మీద జిల్లా స్థాయిలో డి.సి.ఎఫ్. ఉంటారు. నా సర్వీసులో అది చివరి పోస్టింగు.

కెంచనగుడ్డ వైపు తుంగభద్ర నీళ్ళకు వరి పచ్చగా కళ్ళు చెదరగొడుతుంటే, నా రేంజి తూర్పు కొస మాత్రం ఒట్టి నల్లరేగడి మెట్ట. చెట్టు కావాలంటే వెతుక్కోవాలి. చెట్టు లేని అడవికి ఆఫీసరువయ్యా అని తోటివాళ్ళు ఆటపట్టించేవారు. ఆ పోస్టింగును నేను అడిగి మరీ వేయించుకున్నానని వాళ్ళకు తెలియదు. అలాంటి గడ్డి బీళ్ళలోనే బట్టమేక తిరుగుతుంది.

బట్టమేక మేక కాదు, పిట్ట. మనిషి నడుం దాకా వస్తుంది. పొడుగాటి తెల్లని మెడ, నెత్తిన నల్లటి టోపీ, ఊరి పెద్దమనిషిలా నింపాదిగా నడక. దేశంలో ఇప్పుడు బహు కొద్దిగా మిగిలాయి. సర్వీసంతా దాని బొమ్మలు చూపించి బడి పిల్లలకు ఉపన్యాసాలు దంచానే గానీ, కళ్ళారా ఒక్కసారీ చూడలేదు. చూడకుండానే రిటైరైపోతానేమోనని బెంగగా ఉండేది.

ఒకరోజు టీ దగ్గర మా గార్డు మంజునాథ నవ్వుతూ ఒక సంగతి చెప్పాడు. అతనిది మలెనాడు, ఆకాశం కనపడనంత చెట్ల సీమ. తెలుగు ఇక్కడికి వచ్చాక సంతలో నేర్చుకున్నదే. తిప్పారెడ్డి అనే రైతు ముందురోజు ఆఫీసుకు ఫోన్ చేసి, తన చేన్లో బట్టమేక తిరుగుతాండాదని చెప్పాడట. కన్నడంలోనూ బట్టె అంటే గుడ్డ, మేకె అంటే మేక. రెండు భాషలూ కూడబలుక్కుని ఒకే అర్థం ఇస్తుంటే ఇక అనుమానం ఎందుకొస్తుంది? గుడ్డ కట్టిన మేక ఎవరిదో చేన్లో పడిందనుకున్నాడు మంజునాథ. పట్టా భూమిలో పడిన పశువు మా శాఖ పరిధిలోకి రాదనీ, పంచాయతీ వాళ్ళ బందెలదొడ్డికి తోలుకోమనీ నిబంధన ప్రకారం సలహా చెప్పి ఫోన్ పెట్టేశాడు.

నా చేతిలో టీ సగం చొక్కా మీదే పడింది. "అది మేకె అల్లప్పా, ఎరెభూత!" అని, మేక కాదంటూ బట్టమేకకు కన్నడం పేరు చెప్పాను. మంజునాథ జీపు తాళాల కోసం పరుగెత్తాడు.

ఇలాంటి కబురు వస్తే రేంజి అధికారి స్వయంగా వెళ్ళి నిర్ధారించాలి. ఫోటో గానీ, ఊడిన ఈక గానీ, అడుగు జాడ గానీ దొరకాలి. బట్టమేక పాదానికి ముందు మూడు వేళ్ళే, వెనక వేలుండదు. జీపును దూరంగా ఆపి నడిచి వెళ్ళాలి. పక్షి తలెత్తి చూసిందంటే కదలకూడదు. ఊరి పేరు ఎక్కడా బయటపెట్టకూడదు, అందుకే ఇక్కడా చెప్పడం లేదు.

దారి కనుక్కోవడానికి మంజునాథ ముందే ఫోన్ చేశాడు కాబట్టి, తిప్పారెడ్డి కొట్టం ముందు నిలబడి మా కోసమే చూస్తున్నట్టున్నాడు. పక్కన గుంజకు ఒక మేక కట్టేసి ఉంది. దానికి నీలం చొక్కా తొడిగారు. ముందు కాళ్ళు చేతుల్లోంచి బయటికి వచ్చాయి, గుండీలు పద్ధతిగా పెట్టి ఉన్నాయి, కాలరు కూడా మడిచారు.

"ఇదే సార్ బట్టమేక. మీ వాల్లే గదా ఫోన్లో మేక అనిరి? మేకనే. సుమ్నె మీకు తొందర, ఊరికే ఇంత దూరం వస్తిరి" అన్నాడు రెడ్డి.

నాకు కడుపులోంచి నవ్వు తన్నుకొస్తోంది. అయినా విచారణ విచారణే. ఇది ఎగురుతుందా అని ముఖం బిగించి అడిగాను.

"అప్పుడప్పుడు ఎగురుతాది సార్. శానా తుంటరిది."

మెడ తెల్లగా ఉంటుందట కదా అన్నాను.

"సబ్బు పెట్టి రుద్దితే ఉంటాది సార్."

అతని భార్య ఈరమ్మ కొట్టంలో కొంగు నోట్లో కుక్కుకుని గోడకేసి తిరిగింది. మేక తన చొక్కా గుండీని తానే కొరికి నమలసాగింది. మంజునాథ గంభీరంగా దానికి ఫోటో తీశాడు.

సరిగ్గా అప్పుడే, రెడ్డి వీపు వెనక, బీడు గడ్డిలోంచి ఒక తెల్లటి మెడ పైకి లేచింది.

మంజునాథ నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ పట్టుకు వారం దాకా నొప్పి పోలేదు, పోవాలనీ నాకు లేదు. పక్షి నాలుగడుగులు వేసి ఆగింది, ఏదో పురుగును ఏరుకుంది, మళ్ళీ నడిచింది. నా గుండె కొట్టుకునే చప్పుడుకు అది ఎగిరిపోతుందేమో అనిపించింది. గంతులు వేయాలని ఉంది, కాలు కదపకూడదు. కేక పెట్టాలని ఉంది, గొంతు ఎత్తకూడదు. అంత సంతోషాన్ని కదలకుండా మోయడం నా సర్వీసులో అదే మొదలు. మంజునాథ ఫోటో తీశాడు. ఈసారి ఒక్కదానితో ఆగలేదు.

రెడ్డి మా ముఖాలు చూసి వెనక్కి తిరిగాడు. పక్షిని చూసి, ఉన్నచోటనే చతికిలబడ్డాడు.

"అయిపాయ సార్. మాకుండేది ఈ చేనే. మీరు బోర్డు నాటితే యాడికి పోవల్ల మేము?"

నా నవ్వు అక్కడితో ఆగిపోయింది. ఫోన్ చేసిన రోజు సాయంత్రమే ఊళ్ళో ఎవరో అతన్ని బెదరగొట్టారట. ఫారెస్టు వాళ్ళ కళ్ళబడితే చేను పోతాది, బోరు వేసుకోనీరు, నాగలి పెట్టనీరు అని. మంజునాథ పొరపాటు అతనికి దేవుడిచ్చిన దారిలా తోచింది. ఫారెస్టు వాళ్ళే మేక అన్నారు కాబట్టి మేకనే చూపించేద్దామనుకున్నాడు.

పక్షి కనపడినంత మాత్రాన పట్టా భూమి పోదని చెప్పాను. పక్షిధామం ప్రకటించడం ప్రభుత్వం చేసే పెద్ద తతంగం, నా రిపోర్టుతో జరిగేది కాదని కూడా చెప్పాను. రెడ్డి నమ్మలేదు. అక్కడి నుంచే డి.సి.ఎఫ్.కు ఫోన్ కలిపి స్పీకరు పెట్టాను. ఆయనా అదే మాట కన్నడంలో చెప్పి, ఆ బీడును ఈ ఏడు దున్నకుండా, కుక్కలను వదలకుండా ఉంటే చాలన్నారు. ముందు ముందు ప్రభుత్వం ఏం చేస్తుందో నేను ప్రమాణం చేయలేనని ఫోన్ పెట్టేశాక చెప్పాను. ఆ మాటకు ఈరమ్మ బయటికి వచ్చింది.

"తెలీదు అన్నాడు సూడు, ఈ సారు నిజమే చెప్తాండాడు" అంది మొగుడితో. తరువాత నా వైపు తిరిగింది. "ఆ బీడు ఎట్లాగూ దున్నేది లేదు, పిట్టను తిరగనీ. కానీ సార్, రేపట్నుంచి కెమెరాలేసుకొని నూరు మంది దిగితే మా పత్తి తొక్కేస్తారు. ఎవురూ రాకూడదు. మీరు కూడా."

నేను కూడానా అని అడిగాను.

"మీరు వస్తే మీ జీపు ఎనకాల ఊరంతా వస్తాది."

న్యాయమే. ఒప్పుకున్నాను. మా వంతుగా మంజునాథ అప్పుడప్పుడు మామూలు బట్టల్లో, సైకిల్ మీద వచ్చి పోయేట్టు మాట అయింది. మట్టిలో మూడు వేళ్ళ జాడ కొలుచుకుని, మేక చొక్కా విప్పించి బయలుదేరాం. ఊరు దాటాక జీపులో మేమిద్దరం అరిచిన అరుపులకు రోడ్డు పక్క ఎద్దులు బెదిరాయి. మంజునాథ స్టీరింగు మీద దరువు వేశాడు. నేను యాభై దాటిన మనిషినన్న సంగతి మరిచి ఈలలు వేశాను.

నెల తిరక్కుండా డి.సి.ఎఫ్. తనకూ చూపించమని అడిగారు. ఈరమ్మ పెట్టిన షరతు చెప్పాను. మీ రేంజిలో పై అధికారి ఆవిడన్నమాట అని నవ్వి ఊరుకున్నారు. ఊరుకోవడం ఆయన పెద్దతనం.

మరుసటి ఏడు తొలకరికి, లోకమంతా తలుపులు మూసుకుని కూర్చున్న రోజుల్లో, పొద్దున్నే రెడ్డి నుంచి ఫోన్ వచ్చింది. గొంతులో గర్వం పొంగిపోతోంది.

"సార్, రెండయినాయి! మగది వచ్చిండాది. మెడ ఉబ్బించుకోని ఒకటే షోకు! నేనూ మా ఆమె మిద్దె ఎక్కి సూస్తాండాము. మీరొకరు లేరు."

వెళ్ళాలని ప్రాణం కొట్టుకుంది. వెళ్ళలేదు. ఫోన్ చెవికి పెట్టుకుని, ఇప్పుడేం చేస్తోంది, ఇప్పుడేం చేస్తోంది అని అడుగుతూ వంటింట్లో గిరగిరా తిరిగాను. రెడ్డి విసుక్కోకుండా అన్నీ చెప్పాడు.

ఆ ఉదంతం నా పని పద్ధతిని మార్చింది. అంతకు ముందు ఏ ఊరికి వెళ్ళినా మేం దేన్ని కాపాడాలనుకుంటున్నామో ముందు చెప్పేవాణ్ణి. మిగిలిన సర్వీసులో, మేం ఏమేం తీసుకోబోమో ముందు చెప్పాను. పిట్టల సంగతి ఊళ్ళవాళ్ళే వచ్చి చెప్పారు.