అత్తయ్య, యూరియా ట్యాంకు, ఒక చేపల లారీ

ఆ రోజుల్లో, అంటే మరీ నలుపు తెలుపు ఫొటోల కాలమేం కాదు, లారీలకు డీజిలుతోపాటు యూరియా నీళ్లు కూడా తాగించడం మొదలైన కొత్తల్లో, చెడిపోయే అవకాశం ఉన్నవన్నీ ముందే ఒక కాగితం మీద రాసిపెట్టుకుంటే ఈ లోకంలో ఏదీ చెడిపోదని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. మెకానికల్ ఇంజినీరింగ్ అప్పుడే పూర్తయింది. ఉద్యోగం రావలసి ఉంది (అది ఏ కంపెనీలో అని చుట్టాలు అడిగితే, మాట మార్చడానికి ఏమేం చెప్పాలో కూడా రాసుకున్నాను). ఈలోగా ఖాళీగా ఉండడం ఎందుకని అమ్మ నన్ను హనుమాన్ జంక్షన్ పంపించింది. అక్కడ ఊరి చివర, పంట కాలువ పక్కన మా మావయ్యకు లారీల యార్డు ఉంది. చెరువుల దగ్గర చేపలు మంచులో సర్దుకుని దూర రాష్ట్రాలకు పోయే లారీలు అవి. ఆయన నాకు ఒక కుర్చీ, ఒక ఫ్యాను, "చదువుకున్నావుగా, ఏదైనా చూడు" అనే ఒక పదవీ ఇచ్చాడు.

నేను చూసిన మొదటిది డబ్బాలు. కొత్త లారీల్లో డీజిలు ట్యాంకు పక్కనే నీలం మూతతో ఇంకో చిన్న ట్యాంకు ఉంటుంది. అందులో పోసేదాని పేరు డెఫ్, మా డ్రైవర్లకు మాత్రం యూరియానే. బాగా శుద్ధి చేసిన నీళ్లలో యూరియా కలిపిన ద్రవం అది. పొగ గొట్టంలోకి తుంపరలుగా వెళ్లి, పొగలోని విషాన్ని చాలావరకు చంపుతుంది. దానిలో కాస్త మలినం పడినా లారీలోని కంప్యూటరు అలిగి ఇంజను బలం తగ్గించేస్తుంది. ఇక నిండు లోడుతో ఉన్న లారీ పెళ్లి ఊరేగింపులా నడుస్తుంది. ఆ ద్రవం పెద్ద పెద్ద ప్లాస్టిక్ డబ్బాల్లో వచ్చేది. ఖాళీ అయిన వాటిలో కొన్నింటిని అత్తయ్య సగానికి కోయించి కరివేపాకు, మిరప మొక్కలు వేసింది. కొన్నింటితో డ్రైవర్లు స్నానాలు చేసేవారు. మిగతావి గోడ పక్కన గుట్టలా పెరిగి, గాలి వీచినప్పుడల్లా ఒక్కొక్కటిగా కాలువలోకి దొర్లేవి. ఒకరోజు పక్క పొలం రైతు అలాంటి డబ్బా ఒకటి చేత్తో పట్టుకుని వచ్చాడు. "ఏవండీ, తూము దగ్గర నీళ్లు ఆగిపోతే దిగి చూశానండి. ఇవేనండి. మా చేలోకి నీళ్లు రావాలా, మీ డబ్బాలు రావాలా?" అన్నాడు. ఆ మాటకు నాకు సిగ్గు వేసింది, అంతకంటే ఎక్కువగా ఉత్సాహం వచ్చింది.

డబ్బాలు మానేసి యార్డులోనే ఒక పెద్ద ట్యాంకు పెడదాం, కంపెనీ ట్యాంకర్ వచ్చి నింపి పోతుంది, పెట్రోలు బంకులోలాగా గొట్టంతో కొట్టుకోవచ్చు అని మావయ్యకు చెప్పాను. ఆయన అన్నం తింటూ విన్నాడు. "ఒరేయ్, డబ్బాకి సీలు ఉంటది. సీలు తీస్తాం, పోస్తాం. నీ ట్యాంకులో ఏం పడిందో ఎవడికి తెలుస్తుంది?" అన్నాడు. "ఏమీ పడదు మావయ్యా, నేను చూసుకుంటాను" అన్నాను. ఆయన పెరుగు కలుపుకున్నాడు. "సరే, పెట్టు. కానీ ఒక్క బండి దారిలో ఆగిపోయిందంటే నీ ట్యాంకు పాత సామాన్ల బండి ఎక్కుతుంది. మళ్లీ డబ్బాలే" అన్నాడు. అత్తయ్య మజ్జిగ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడి ఉంది.

ట్యాంకు వచ్చింది. దాని కింద సిమెంటు దిమ్మ కట్టించాను, పైన రేకు వేయించాను. ట్యాంకులో ఏమేం పడే ప్రమాదం ఉందో ఆలోచించి, పెద్ద అక్షరాలతో రాసి అతికించాను. దుమ్ము పడకూడదు. ఉప్పు నీళ్లు తగలకూడదు. కుళాయి నీళ్లు కలపకూడదు. డీజిలు చేతులతో, తడి చేతులతో ముట్టకూడదు. ఇంకా ఉన్నాయి, అన్నీ చెబితే మీరు నవ్వుతారు (బల్లి గురించి కూడా రాశాను). ట్యాంకర్ వచ్చి నింపిన మర్నాడు ఉదయం, మూతకు తుప్పు పట్టని తాళం కావాలని పటమట వెళ్లాను. హనుమాన్ జంక్షన్‌లో తాళాలు లేవా అంటే ఉన్నాయి, కానీ నా కాగితంలో రాసిన రకం లేదు. నేను తిరిగి వచ్చేసరికి మొదటి లారీ మా ట్యాంకునుంచి యూరియా పట్టుకుని, చేపల లోడుతో నాగపూర్ దారి పట్టేసింది. మావయ్య ముదినేపల్లి వైపు చెరువుల దగ్గర ఉన్నాడు. అత్తయ్య కొబ్బరి చెక్క, అరటిపండు నా చేతిలో పెట్టింది.

"ఏంటత్తయ్యా విశేషం?"

"నీ ట్యాంకుకి పూజ చేశానురా. బండి బయల్దేరకముందే చేశాన్లే."

నాకు ఎంత సంతోషం వేసిందంటే, కొబ్బరి ముక్క కొరికాను కూడా. "బొట్టు పెట్టావా?"

"బొట్టేంటి, లోపల పసుపు, కుంకుమ కూడా వేశాను. కొత్త బావికైనా, కొత్త బోరుకైనా వేయకుండా నీళ్లు వాడతామా? గంగమ్మ తల్లి కదా."

కొబ్బరి చెక్క కింద పెట్టేశాను. "లోపలంటే, మూత తీసి లోపలా?"

"మరి మూత మీద వేస్తే ఏం ఫలం? కంగారు పడకు. నువ్వు రాసిందంతా చదివాకే వేశాను. చేతులు కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుని, పొడి చెంచాతో వేశాను. దుమ్ము పడకుండా కొంగు అడ్డం పెట్టుకున్నాను. పసుపు వేయకూడదని నువ్వెక్కడా రాయలేదు కదా."

రాయలేదు. బల్లి గురించి రాశాను, పసుపు గురించి రాయలేదు. సీసాలో కాస్త పట్టి వెలుతురులో చూస్తే, గాజులా ఉండవలసిన ద్రవం లేత నిమ్మకాయ రంగులో ఉంది. పసుపు అడుగుకు దిగుతుంది, నా గొట్టం కూడా అడుగునుంచే తీసుకుంటుంది. అంటే మొదటి లారీకే ఎక్కువ ప్రసాదం దక్కింది. అది ఫిల్టరులో ముద్ద కడితే లారీ ఎక్కడ మొరాయిస్తుందో తెలియదు. ఖమ్మం దాటాక అడవిలో ఆగితే మంచు కరిగి, లోడంతా కుళ్లి, నా ట్యాంకు పాత సామాన్ల బండి ఎక్కుతుంది. డ్రైవర్‌కు ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. బండి నడుపుతూ ఫోన్ ఎత్తకూడదని మా యార్డు నియమం. ఆ నియమం కూడా నేను పెట్టిందే.

మోటారు సైకిలు తీశాను. గన్నవరం చేరకముందే, చిన అవుటపల్లి దగ్గర, దారి రెండుగా చీలుతుంది. కొత్త బైపాస్ ఎక్కితే ఊరు తగలకుండా దూసుకుపోవచ్చు, తెలివైనవాడెవడైనా అటే పోతాడు. కానీ ఈ డ్రైవర్‌ను మా యార్డులో మేరీమాత బాబాయి అంటారు. నుదుటి మీద విభూతి చెరగనివ్వడు, అయినా మేరీమాత గుడి ఉన్న గుణదల కొండ కనబడే చోట లారీ ఆపి, దిగి, అటు తిరిగి దండం పెట్టందే ముందుకు పోడు. బైపాస్ వచ్చాక కూడా ఆ అలవాటు మానలేదని యార్డులో అనుకునేవారు. అది నిజమో ఎగతాళో నాకు తెలియదు. చీలిక దగ్గర బండి ఆపి, వెనక హారన్లు మోగుతుంటే అటూ ఇటూ చూశాను. ఇంజినీరింగ్‌లో చదివినదేదీ పనికిరాలేదు. మేరీమాత వైపే తిప్పాను.

గన్నవరం దాటింది, నిడమానూరు దాటింది. ప్రతి చేపల లారీ వెనకాలా నీళ్లు కారుతూ కనబడేవి, ప్రతిసారీ వేగం పెంచేవాణ్ణి, దగ్గరికి పోతే అది వేరే వాళ్లది. రామవరప్పాడు రింగు దాటాక రోడ్డు పక్కన మా లారీ కనబడింది. బాబాయి దండం ముగించి మెట్టు ఎక్కుతున్నాడు. కాలు పట్టుకుని లాగినంత పని చేశాను.

"ఏంటి ఇంజినీరు గారూ, ఇంత దూరం వచ్చారు? ఇంటి దగ్గర అందరూ క్షేమమేగా?"

"స్టార్ట్ చెయ్యకు బాబాయ్. యూరియాలో పసుపు పడింది."

"ఎవరేశారు?"

"అత్తయ్య."

ఆయన మొహంలో భయం పోయింది. "అమ్మగారు వేశారా? అయితే ఏం కాదులెండి."

"అవుతుంది బాబాయ్."

"పసుపు మంచిదేనండి. నాకు దెబ్బ తగిలితే అదే పెడతారు."

"నీకు ఫిల్టరు లేదు బాబాయ్. దీనికి ఉంది."

ఆ మాట ఆయనకు నచ్చినట్టు లేదు గానీ తాళం చెవి నా చేతికిచ్చాడు. తర్వాత జరిగింది చెప్పడానికి ఇప్పటికీ కాస్త ఇబ్బందే. పక్కనే విడిభాగాల కొట్టు ఉంది. దాని ముందు యూరియా డబ్బాలు వరసగా పేర్చి ఉన్నాయి, కొట్టు వెనక ఖాళీ డబ్బాల గుట్ట ఉంది. నేను ఖాళీవి తెచ్చి లారీ కింద పెట్టి, దాని యూరియా ట్యాంకు అడుగున ఉన్న బోల్టు విప్పి, పసుపు యూరియా అంతా వాటిలోకి దింపాను. నిండువి కొని, ఒకటి పోసి కడిగి, ఆ కడిగింది కూడా దింపి, మళ్లీ నింపాను. చుట్టూ డబ్బాలు, మధ్యలో మోకాళ్ల మీద నేను. బాబాయి తువ్వాలు భుజాన వేసుకుని తీరిగ్గా చూస్తున్నాడు.

"డబ్బాలు ఇంక ఉండవని చెప్పారుగా?"

"చెప్పాను బాబాయ్."

"కాదులెండి, ఊరికే అడిగాను. ఇంకోటి తెమ్మంటారా?"

లారీ వెనకనుంచి మంచు నీళ్లు ఇందాకటికంటే ధారగా కారుతున్నాయి. బాబాయి ఎక్కి తాళం తిప్పాడు. డ్యాష్‌బోర్డులో పసుపు దీపం వెలిగింది (ఆ రంగే కావాలా దానికి). ఇంజను నడుస్తోంది, దీపం ఆరడం లేదు. ఆయన సీట్లో, నేను మెట్టు మీద, ఇద్దరం దానివైపే చూస్తూ ఉన్నాం. ఆయన ఏదో గొణుగుతున్నాడు, ప్రార్థనో తిట్టో తెలియలేదు. నేను కూడా చూసేవాళ్లు లేరని నిర్ధారించుకుని కొండ వైపు ఓసారి తిరిగాను. ఎంతసేపటికో దీపం ఆరిపోయింది. బాబాయి గేరు వేశాడు.

సాయంత్రం మావయ్యకు జరిగిందంతా నేనే చెప్పాను. దాచవచ్చు, కానీ ట్యాంకు నిండా పసుపు నీళ్లు ఉండగా ఎన్నాళ్లు దాస్తాం. ఆయన చొక్కా బొత్తాలు విప్పుతూ విన్నాడు.

"బండి ఆగిందా?"

"ఆగింది మావయ్యా. నేనే ఆపాను. మళ్లీ పోయింది."

"నేనేమన్నాను?"

"ఒక్క బండి ఆగినా డబ్బాలే అన్నావు."

ఆయన వంటింటి వైపు చూశాడు. లోపల అత్తయ్య పప్పు తాలింపు పెడుతోంది. గొంతు తగ్గించాడు. "ట్యాంకు తీసేస్తే ఎందుకు తీసేశావంటది. చెప్పాలి. చెబితే ఆమె పూజ వల్ల చెడిందన్నట్టు. ఆ మాట ఈ ఇంట్లో నేను అనగలనా?" చొక్కా కొక్కేనికి తగిలించాడు. "ఉండనీ ట్యాంకు. కడిగించి మళ్లీ నింపించు. లోపల వేయొద్దని మాత్రం మీ అత్తకు నువ్వే చెప్పు. నేను ఊళ్లో లేనప్పుడు చెప్పు."

పాడైన యూరియాను పక్క పొలం రైతు నీళ్లు బాగా కలిపి వరికి వాడుకున్నాడు, పైరు బాగానే ఉందని కబురు కూడా పంపాడు. బాబాయి నాగపూర్‌నుంచి ఫోన్ చేసి చేప చెడకుండా గట్టిగానే దిగిందన్నాడు. ఇక అత్తయ్యకు చెప్పడం మిగిలింది. మావయ్య ఊళ్లో లేని పూట చూసి, ఫిల్టరు బొమ్మ గీసి మరీ వివరించాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ అంతా విన్నది. నొచ్చుకుందని తెలుస్తూనే ఉంది.

"సరేలే, ఇకమీదట బయటే బొట్టు పెడతాను" అంది. తర్వాత చేట పక్కన పెట్టి, "ఒక్క బండి ఆగినా తీసేస్తానని మీ మావయ్య అన్నాడుగా. ఆ రాత్రి నువ్వు సరిగా అన్నం కూడా తినలేదు. అందుకే, ఒక్కటీ ఆగకూడదని మొక్కుకుని వేశానురా" అంది.

దానికి నేనేం జవాబు చెప్పానో సరిగా గుర్తులేదు. మలినాల శాతం గురించి ఏదో చెప్పే ఉంటాను, అప్పట్లో నేను అలాంటివాణ్ణే. ఇప్పుడైతే ఏమీ చెప్పకుండా, చేట ఇవతలికి లాక్కుని, ఆమె పక్కన కూర్చుని ఓ నాలుగు రాళ్లు ఏరేవాణ్ణి.