చూపించనని చెప్పిన ఫోటో

నా దగ్గర పద్నాలుగు పాత లెన్సులున్నాయి. అన్నీ దూరపు లెన్సులే, ఎక్కడో ఉన్న మనిషిని పక్కింటి అరుగు మీద కూర్చున్నంత దగ్గరగా చూపించేవి. ఒక్కటీ కొత్తది కాదు. దేనికీ దానంతట అది సర్దుకునే గుణం లేదు, చేత్తో తిప్పి చూపు కుదుర్చుకోవాలి. రీలు కెమెరాలు పోయాక వీటిని అడిగే దిక్కు లేక స్టూడియోల అటకల మీద, తీసుకెళ్లని పెళ్లి ఆల్బముల కింద పడి ఉంటాయి. రెండు కిలోల చికెన్ ధరకు ఇచ్చేస్తారు. మధ్యలో చిన్న ఇత్తడి రింగు బిగిస్తే ఇప్పటి కెమెరాకీ పట్టేస్తాయి. జగిత్యాలలో మా ఇంట్లో మా ఆవిడ పప్పు పోసుకునే పెద్ద డబ్బా ఒకటి మూత బిగువుగా ఉందని నేను లాక్కున్నాను. చెప్పుల అట్టపెట్టెల్లో వచ్చే, చెమ్మ పీల్చే తెల్ల పొట్లాలు అడుగున వేసి, లెన్సులన్నీ అందులో పెట్టుకున్నాను. అన్నీ ఒకే రకంగా ఉన్నాయి కదా, ఇన్నెందుకని ఆమె చాలాసార్లు అడిగింది. ఒక్కో గాజు ఒక్కో రంగు చూపిస్తుందని చెప్పేవాణ్ని. అది నిజమే. ఇంకో నిజం చెప్పలేదు. ఎదుటివాళ్లకు తెలియకుండా చూడటం నాకు ఇష్టం. దగ్గరికి వెళ్లి మాట్లాడాలంటే నాకు చిన్నప్పటి నుంచీ బెరుకు.

అన్నిటికంటే పొడుగుది మూడు వందల ఎం.ఎం. లెన్సు. కోరుట్లలో అందరూ చాచా అని పిలిచే ఒక పెద్దాయన దగ్గర దొరికింది. ఆయన ముప్పై ఏళ్లు స్టూడియో నడిపి, ఇప్పుడు అదే గదిలో గడియారాలు, మిక్సీలు బాగు చేస్తున్నారు. సభలు జరిగినప్పుడు జనం వెనక నిలబడి వేదిక మీది నాయకుల్ని తీయడానికి కొన్న లెన్సట. లోపలి గాజు మీద సాలెగూడులా బూజు పట్టి ఉంది. ఒక ఆదివారం మధ్యాహ్నమంతా కూర్చుని దాన్ని విప్పారు. ఆయన ఒక్కో మరా తీసి ఇస్తుంటే నేను స్టీలు పళ్లెంలో వరసగా పెట్టాను. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి, ట్యూబ్‌లైటు ముందు ఎత్తి పట్టి, ఇప్పుడు చూడమన్నారు. ఎదురుగా కిరాణా దుకాణం తక్కెడ మీది గీతలు కూడా కనిపించాయి.

నేను మల్యాల మండలంలో ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. కిందటేడు ఫిబ్రవరిలో రోజూ మొదటి బస్సు ఎక్కి, బడికి రెండు గంటల ముందే దిగేవాణ్ని. ఊరి బయట ఒక బండరాయి ఉంది. దాని మీద కూర్చుంటే ఒక పక్క కొండగట్టు, ఇంకో పక్క మక్కచేన్లు, చేన్ల అంచున తాటిచెట్లు. కొంగల్ని తీద్దామని వెళ్లేవాణ్ని. ఒక రోజు కొంగలు రాలేదు. తాటిచెట్టు మీద ఒక మనిషి కనిపించాడు.

సూర్యుడు సరిగ్గా ఆయన వెనకాల ఉన్నాడు. నల్లటి ఆకారం తప్ప ముఖం కనిపించదు. నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టిన మోకు మీద ఒళ్లంతా వెనక్కి వాల్చి, ఒక చేత్తో మట్ట పట్టుకుని, ఇంకో చేత్తో కల్లు కోసం గెల గీస్తున్నాడు. లెన్సు తిప్పుతూ తిప్పుతూ ఒక చోట ఆగాను. కత్తి అంచు మీద వెలుగు నిలిచింది. ఆ పాత గాజుకు వెలుతురు అంచున సన్నటి ఊదా గీత గీసే జబ్బుంది. అది కూడా ఆ రోజు అందంగానే కనిపించింది. ఇరవై దాకా తీశాను. నా జన్మలో అంత మంచి ఫోటో తీయలేదు.

సంతోషం పట్టలేక, ఎన్నడూ లేనిది, చెట్టు దగ్గరికి నడిచి వెళ్లాను. అప్పటికి ఆయన దిగాడు. దగ్గర నుంచి చూస్తే డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి. ఎడమ పాదం లోపలికి తిరిగిపోయి ఉంది. కుంటుతూ వచ్చి నన్ను కూర్చోమని, తాటాకు దొప్పలో కల్లు పోశాడు. బడికి పోవాలని నేనంటే, గుక్కెడు తాగు, ఏం కాదన్నాడు. నేను కెమెరా వెనక ఉండే చిన్న తెర మీద ఫోటో చూపించాను. ఆయన చాలాసేపు చూశాడు. తర్వాత అరచెయ్యి దాని మీద మూసి పెట్టాడు.

"గిది ఎవలకు సూపియ్యకు సారూ," అన్నాడు. "మా బిడ్డకు తెల్వదు."

కూతురు సిరిసిల్లలో ఉంటుందట. రెండేళ్ల కిందట ఆయన చెట్టు మీంచి జారి పడితే నాలుగు నెలలు మంచంలో పెట్టుకుని సాకింది. లేచి నడిచిన రోజున తన తల మీద ఆయన చెయ్యి పెట్టించుకుని, ఇక చెట్టెక్కనని ఒట్టు వేయించుకుంది. చెట్లు వేరేవాళ్లకు ఇచ్చేశానని ఆమెకు చెప్పాడు. ఐదు మాత్రం ఉంచుకున్నాడు. ఇంట్లో ఊరికే కూర్చుంటే పాణం ఆగుతలేదన్నాడు. భార్య పోయాక తనతో పొద్దున పూట మాట్లాడేవి ఆ చెట్లేనట.

"సూపియ్య తాతా. నా దగ్గర్నే ఉంటది," అన్నాను. అప్పుడు నిజంగానే అన్నాను.

నలభై రోజులు ఎవరికీ చూపించలేదు. పాత లెన్సుల పిచ్చి ఉన్నవాళ్లం ఒక వాట్సాప్ గ్రూపులో ఉన్నాం. ఒకరి ముఖం ఒకరికి తెలియదు. అందులో ఒకాయన ఒక రాత్రి కొంగ ఫోటో పెట్టాడు. అందరూ ఆహా అన్నారు. నా లెన్సు కంటే తక్కువ రకం లెన్సు ఆయనది. నాకు ఉక్రోషం వచ్చింది. ముఖం కనిపించదు కదా అనుకున్నాను. ఎవరో తెలియని ముప్పై మంది, వాళ్లలో సిరిసిల్ల వాళ్లెవరూ లేరు కదా అనుకున్నాను. లెక్కల మాస్టర్ని, కారణాలు వరసలో పెట్టడం నాకు బాగా వచ్చు. ఫోటో పంపేశాను.

వారం తిరక్కుండా అది నాకే తిరిగి వచ్చింది. మా బంధువుల గ్రూపులో ఎవరో పంపారు. కింద ఎర్ర గులాబీ, పైన పసుపు అక్షరాల్లో 'కష్టపడేవాడికే ఫలితం, శుభోదయం' అని రాసి ఉంది. నాకు మొదట కలిగింది భయం కాదు, గర్వం. మా ఆవిడను పిలిచి ఇది నేను తీసిందే అని చూపించాను. ఆ విషయం ఇప్పుడు రాస్తుంటే కూడా నాకు తల ఎత్తాలనిపించడం లేదు.

తర్వాతి సోమవారం బండరాయి దగ్గరికి వెళ్లి చూస్తే తాత చెట్టు మీద వేరే మనిషి ఉన్నాడు. నలభై ఏళ్లవాడు. దిగేదాకా ఆగి తాత ఏడని అడిగాను.

"బిడ్డ అచ్చి తోల్కపోయింది సార్, సిరిసిల్లకు. మోకు గూడ కట్టుకొని పోయింది. పొద్దున మెసేజుల ఫోటో అచ్చిందట. ముసలోడు చెట్టు మీద ఉన్నడు. ఆ కాలు సూసి గుర్తువట్టింది."

ముఖం లేదని నేను ధైర్యం చెప్పుకున్న ఫోటోలో పాదం ఉంది. మోకు కింద, చెట్టు మానును పట్టుకుని, లోపలికి తిరిగిన ఎడమ పాదం. నాలుగు నెలలు నూనె రాసి మర్దనా చేసిన కూతురికి అంతకంటే గుర్తేం కావాలి? నేను ఇరవై సార్లు పెద్దది చేసి చూసుకున్నాను ఆ ఫోటోను. కత్తి మీది వెలుగే చూశాను.

ఆ వారం బళ్లో ఏం చెప్పానో గుర్తులేదు. ఆదివారం కోరుట్ల వెళ్లి చాచాకు అంతా చెప్పాను. ఆయన కంటికి పెట్టుకున్న చిన్న భూతద్దం తీసి పక్కన పెట్టారు. తిడతారనుకున్నాను, తిట్టలేదు. స్టూడియోకు వచ్చేవాళ్లు తల దువ్వుకుని, తమకు నచ్చినట్టు కూర్చునేవాళ్లని, ఇది వద్దంటే ఆ నెగెటివ్ తనే కత్తిరించి చేతిలో పెట్టేవాణ్నని చెప్పారు. తాతకు ఫోన్ చేసి మాఫీ అడుగుతానన్నాను.

"ఫోన్ల ఎందుకు?" అన్నారు. "పో. ముంగట కూసొని చెప్పు."

తాత ఊళ్లో అడిగి వెళ్లాను కాబట్టి సిరిసిల్లలో ఆ ఇల్లు దొరకడం కష్టం కాలేదు. ముందు గదిలో రెండు మరమగ్గాలు నడుస్తున్నాయి. వాటి చప్పుడుకు గుమ్మంలో నేను చెప్పింది ఎవరికీ వినపడలేదు. కూతురు బయటికి వచ్చింది. నలభై దాటి ఉంటుంది. భుజాల మీద నూలు పోగులు. ఫోటో తీసింది నేనేనని చెప్పగానే తిట్లు తినడానికి సిద్ధపడ్డాను. ఆమె చేతులు జోడించింది. నేను ఆ ఫోటో తీయకపోయి ఉంటే తండ్రి ఏదో ఒక రోజు మళ్లీ పడి చచ్చిపోయేవాడని, తనకు తెలిసేది కూడా కాదని అంది. లోపలికి పిలిచి కుర్చీ వేసింది. తాత గోడకు ఆనుకుని కూర్చుని మగ్గం కండెలకు నూలు చుడుతున్నాడు. ఆ చక్రం తిప్పే పని ఆయన చేతులకు అలవాటు కాలేదు. పోగు తెగుతోంది, ముడి వేస్తున్నాడు, మళ్లీ తెగుతోంది.

నన్ను చూసి గుర్తుపట్టాడు. నేను మాట తప్పానని ఆయన ఒక్క ముక్క అంటే చాలు, ఆమెకు అంతా తెలిసిపోతుంది.

"సారు మంచోడు బిడ్డా," అన్నాడు. "చాయ్ పెట్టు."

చాయ్ తాగాను. తాత ఆ తర్వాత నా వైపు చూడలేదు. ఆమె బిస్కెట్లు కూడా పెట్టింది. నేను చెప్పాల్సింది చెప్పకుండా, ఆ కృతజ్ఞతను మూట కట్టుకుని జగిత్యాల బస్సెక్కాను. చేసిన తప్పు ఒకటైతే, ఆ రోజు చేసింది రెండోది. మొదటిది తొందరలో చేశాను. రెండోది కుర్చీలో కూర్చుని, నింపాదిగా, చాయ్ తాగుతూ చేశాను.

రెండు వారాలు ఓర్చుకుని మళ్లీ వెళ్లాను. ఈసారి కెమెరా, ఆ లెన్సు సంచిలో పెట్టుకున్నాను. ఆ ఇరవై ఫోటోలూ తాత కళ్ల ముందే తీసేద్దామని. కరెంటు లేక మగ్గాలు ఆగి ఉన్నాయి. కింద కూతురు ఒక్కతే ఉంది. ఆమె మళ్లీ చాయ్ అనబోతుంటే వద్దని, నిలబడే చెప్పేశాను. తాత ఎవరికీ చూపించొద్దని నన్ను అడిగాడని, సరేనన్నానని, పదిమంది మెప్పు కోసం పంపానని, మీ కోసం కాదని.

ఆమె గుమ్మం మీది నూలు దుమ్మును కొంగుతో తుడిచింది.

"సిరిసిల్లల బిడ్డ ఉన్నదని మా బాపు మీకు చెప్పిండు గదా," అంది. "గప్పుడే నాకు చెప్తే అయిపోతుండె. లేదంటే ఆయనకు ఇచ్చిన మాట నిలవెడ్తే అయిపోతుండె. రెండిట్ల ఒక్కటి గూడ చెయ్యలే మీరు. నాకన్న ముందు మా వాడకట్టంత సూసింది సారూ. మీ నాయిన ఇంక చెట్టెక్కుతుండా, తిండి పెడ్తలేరా అని అడిగిండ్రు."

కారణాలు వరసలో పెట్టడానికి ఈసారి ఏమీ దొరకలేదు. తప్పయిందన్నాను. అయిందని ఆమె తలూపింది, అంతే. క్షమించానని అనలేదు. తాత మిద్దె మీద ఉన్నాడని, వెళ్లి మాట్లాడమని మెట్ల వైపు చూపించింది.

తాత నీడలో గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కన నిలబడి ఆయనకూ చెప్పుకున్నాను. ఆయన వింటున్నాడో లేదో తెలియలేదు. కెమెరా తీసి ఒక్కో ఫోటో చూపిస్తూ తీసేయడం మొదలుపెట్టాను. ఐదారు పోయాక ఆపమన్నాడు.

"దీంట్ల తీసేస్తే, అందరి ఫోన్లల పోతదా?"

"పోదు తాతా."

"మరెందుకు?"

ఆపేశాను. ఆయన ఆ లెన్సు వైపు చూసి, గిది ఎంత దూరం కానస్తదని అడిగాడు. మానేరు వాగు అవతలి ఒడ్డు దాకా కనిపిస్తుందన్నాను. ఇమ్మన్నాడు. బరువెక్కువ, మెడకు పట్టీ వేసుకోమన్నాను. వేయించుకున్నాడు. కన్ను ఎక్కడ పెట్టాలో, రింగు ఎటు తిప్పాలో చూపించాను. మొదట అంతా మసకగా ఉందన్నాడు. తర్వాత రింగును కొంచెం కొంచెంగా, నేను తిప్పే దానికంటే ఓపికగా తిప్పుతున్నాడు. ఏటికి అవతల ఎక్కడో ఒక తాటిచెట్టు దొరికినట్టుంది.

"ఎవడు గీస్తుండో గని," అన్నాడు, "ఒక్క మట్ట గూడ కొట్టలే. గట్లుంటే ఎట్లెక్కుతడు?"

బరువుకు లెన్సు జారుతుందేమోనని కింద నుంచి నేను అరచెయ్యి ఆనించాను. ఆయన కన్ను తీయకుండానే అన్నాడు.

"చెయ్యి దియ్యి సారూ. నేను పట్టుకుంట."

తీశాను.