మా అన్న పేరు మీద అలర్ట్

దయ్యాల గురించి ఎవరైనా చెబితే నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. జనగామలో ఇల్లు కట్టేవాళ్ళకు ఇటుక, సిమెంటు ఎంత పడుతుందో లెక్కగట్టి చెబుతాను. ఎవరూ నేర్పలేదు, చూసి నేర్చుకున్నాను. కొలతకు అందనిదాన్ని నమ్మే అలవాటు లేదు.

భూపాలపల్లి దవాఖానలో నా బిడ్డకు కాన్పు కష్టమైంది. రక్తం కావాలన్నారు. ఆమెది, నాది ఒకటే గ్రూపు, బయట దొరకదు. వెంటనే బస్సెక్కాను.

భూపాలపల్లి ఇంకాస్త దూరం ఉందనగా పోలీసులు బస్సు ఆపి, అందరి ముఖాలూ ఫోను కెమెరాతో సరిపోలుస్తున్నారు. నా ముఖం మీదికి తిప్పగానే ఆ ఫోను కూతపెట్టింది.

"దిగు పెద్దమనిషీ, నీ మీద అలర్టున్నది" అన్నాడు కానిస్టేబుల్. బస్సు వెళ్ళిపోయింది.

నేరం కాదు. మహబూబాబాద్‌లో నమోదైన, తప్పిపోయిన మనిషి కేసు. ఫోటోలో నేనే ఉన్నాను, ఇప్పటి ముఖంతో. పేరు మాత్రం సాయిలు.

సాయిలు మా అన్న. మహబూబాబాద్‌లో అమ్మమ్మ ఇంట్లో, నడక రాకముందే చనిపోయాడు. అందుకే నేనైనా బతకాలని, పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఎవరో పారేసిన పిల్లవాణ్ణి ఎత్తుకొచ్చినట్టు తెచ్చుకుని, పెంటయ్య అని పేరు పెట్టారు.

కానిస్టేబుల్ మహబూబాబాద్‌కు ఫోన్ చేశాడు. ఈ మధ్యనే ఒక ముసలామె వచ్చి ఫిర్యాదు ఇచ్చిందట. వాళ్ళు చెప్పిన పేరు మా అవ్వది, నన్ను కన్నతల్లిది. అవ్వ పోయి చాలా ఏళ్ళయింది.

"ఆధార్ కార్డుల పెంటయ్య అనే ఉన్నది గద సార్. జర ఇడ్సిపెట్టుండ్రి, నా బిడ్డ సావుబతుకుల్ల ఉన్నది."

"గట్ల కాదు. పెద్దసారొచ్చి తేల్చాలె. నువ్వే సాయిలువని రాసిస్తే, దొరికిండని ఇప్పుడే మూసేస్తరు. ఇగ నీ ఇష్టం."

సరిచూడని లెక్క కింద నేనెప్పుడూ సంతకం పెట్టలేదు. ఆ రోజు పెట్టాను. అలర్ట్ పోయింది.

ఆటోలో దవాఖానకు చేరేసరికి అల్లుడు గుమ్మంలోనే ఎదురొచ్చాడు.

"మళ్ళొచ్చినవేంది మామా? రక్తమిచ్చినవు, పోయి జర పండుమన్న గద!"

నేనివ్వలేదంటే నమ్మలేదు. నర్సు కూడా నన్ను గుర్తుపట్టింది. "ఏదీ, చెయ్యి చూపియ్యి" అంది. చూపించాను. రెండు చేతులమీదా సూది గుర్తు లేదు. ఆమె రెండు చేతులూ తిప్పి తిప్పి చూసింది.

తల్లీ పిల్లా బతికారు. తెలివొచ్చాక నా బిడ్డ అడిగింది:

"బాపూ, నా తల మీద చెయ్యి పెట్టి, 'మా అవ్వ బయట నిలవడ్డది, పోవాలె' అన్నవేంది? నాయినమ్మ ఎప్పుడో పోయె గద?"

నేను లేచి గుమ్మం దాకా పోయి బయటికి చూశాను.