క్లెమ్ ట్యాంకు అడుగున ఇసుక

మా సముద్రపు ఒడ్డు ఊరు బోవెన్‌లో పగడాల ట్యాంకులున్న ఇళ్ళు నాకు తెలిసి ఇరవై మూడు. అందులో సగం ఇళ్ళవాళ్ళు మిగతా సగం ఇళ్ళవాళ్ళతో మాట్లాడరు. గొడవంతా ఇసుక గురించి. ట్యాంకు అడుగున ఇసుక పరవాలా, గాజు అడుగును ఉత్తగా వదిలేయాలా అన్న దగ్గర మా క్లబ్బు రెండుగా చీలిపోయింది. ఇసుకవాళ్ళు మమ్మల్ని ఆసుపత్రివాళ్ళంటారు, మేం వాళ్ళని చెత్తకుండీవాళ్ళంటాం. నేను గాజు పక్షం. రంగు చేపల కొట్టు పెట్టిన నాటి నుంచీ వచ్చినవాళ్ళందరికీ ఒకటే పాట పాడేవాణ్ణి: ఇసుకలో పడ్డ మురికి ఎక్కడికీ పోదు, అక్కడే కూర్చుని కుళ్ళుతుంది అని. ఇప్పుడు ఎవరైనా అడిగితే మీ ఇష్టం అంటున్నాను. క్లెమ్ హార్డ్‌విక్ ఇంట్లో జరిగింది కళ్ళారా చూశాక ఆ పాట నా నోట రావడం లేదు.

క్లెమ్ ముప్పై ఏళ్ళు పగడాలు ఏరే పడవ మీద బతికాడు. ఒకడు గాలి గొట్టం నోట కరుచుకుని, ఉలి, బుట్ట పట్టుకుని నీళ్ళలోకి దిగుతాడు. ఇంకొకడు పైన గాలి కొట్టే మిషను దగ్గర కూర్చుని గొట్టం చిక్కుపడకుండా చూస్తాడు. కాసేపటికి ఇద్దరూ మారతారు. అన్నేళ్ళు లోతుల్లో తిరిగినందుకు క్లెమ్ తుంటి ఎముకలు రెండూ పుచ్చిపోయాయి. ఒకటి మార్చారు. రెండోదానికి రమ్మంటే, మొదటిదే నచ్చలేదు పొమ్మన్నాడు. మనిషి మాట పెళుసు. నవ్వితే మాత్రం ఇల్లంతా వినిపించేది.

పంతొమ్మిదేళ్ళ కిందట అతని జోడీదారు రస్ నీళ్ళలో ఉండగా పైన మిషను ఆగిపోయింది. రస్‌ని పైకి లాగేసరికి ప్రాణం లేదు. మిషను పాతదని, క్లెమ్ పక్కనే ఉండి వెంటనే లాగాడని విచారణలో రాసుకున్నారు. అక్కడ అలా చెప్పింది క్లెమే. రస్ నడుముకి కట్టిన బుట్టలో మాత్రం ఒక పగడం బతికే ఉంది. అరచేతంత ఉంటుంది, ముదురు ఎరుపు, చుట్టూ ఆకుపచ్చ అంచు, పైనంతా మడతలు. మెదడు పగడం అంటాం దాన్ని. క్లెమ్ దాన్ని బకెట్లో ఇంటికి తెచ్చి, ఆ వారంలోనే ఆరడుగుల ట్యాంకు కట్టించి, అడుగున జానెడు మందాన ఇసుక పోసి, దాని మీద కూర్చోబెట్టాడు. పడవ మళ్ళీ ఎక్కలేదు.

రస్ భార్య జాయ్‌లీన్ టమాటాల షెడ్డులో ప్యాకింగ్ పని చేస్తుంది. ప్రతి ఆదివారం పదింటికి క్లెమ్ ఇంటి మెట్లెక్కి వచ్చేది. సంచిలో కాగితంలో చుట్టిన ఒక పచ్చి రొయ్య ఉండేది. దాన్ని కత్తెరతో సన్నగా తరిగి, పొడుగాటి పటకారుతో ఒక్కో ముక్కే పగడానికి అందించేది. మడతల మధ్య నోరు మెల్లగా తెరుచుకుని ముక్కని లోపలికి తీసుకునేది. ఒక్క రొయ్య పెట్టడానికి గంట పట్టేది. ఆ గంటలో వాళ్ళిద్దరూ మాట్లాడుకునేది ఎండ గురించీ, మామిడి కాపు గురించీ. రస్ పేరు ఎత్తగా నేను వినలేదు. ట్యాంకు నీళ్ళలో కలిపే ఉప్పు బస్తా ఇవ్వడానికి నేను చాలా ఆదివారాలు అక్కడే ఉండేవాణ్ణి. క్లెమ్ వారానికోసారి గడ్డం గీసుకునేవాడు, అదీ ఆ రోజే. అతనికి జీవితంలో మిగిలిన సుఖం ఆ గంట ఒక్కటే.

పోయిన వానాకాలంలో క్లెమ్ నాకు ఫోన్ చేశాడు. వెళ్ళి చూస్తే ఇసుక మీద ఎర్రటి జిగురు నాచు దుప్పటిలా పరుచుకుని ఉంది. గాజు పక్కనుంచి చూస్తే ఇసుక లోపల నల్లటి చారలు. నాచు పగడం అంచుకి రెండు వేళ్ళ దూరంలో ఉంది.

"ఇసుక కడిగి ఎన్నాళ్ళయింది?" అన్నాను.

"నడుం వంగితే గదరా కడగడానికి. రెండేళ్ళు దాటింది."

"రెండేళ్ళా! ఇది పగడాల ట్యాంకు కాదు ముసలోడా, సెప్టిక్ ట్యాంకు."

"నీ వెటకారం కొట్లో పెట్టి అమ్ముకో. నాచు దాని మీదకెక్కితే చచ్చిపోద్ది. ఏం చెయ్యాలో చెప్పు."

"చేసేది ఒకటే. ఇసుక తీసిపారెయ్. ఉత్త గాజు ఉంటే మురికి ఎక్కడ పడ్డా కనిపిస్తుంది, వంగకుండా నిలబడ్డ చోటి నుంచే గొట్టంతో లాగేసుకోవచ్చు."

క్లెమ్ పగడం వైపు వేలు చూపించాడు. "ఇవి ఇసుక మీద పెరిగే జాతిరా. బండ మీద నేనెప్పుడూ చూళ్ళేదు. వేలసార్లు దిగుంటాను, ఒక్కసారి కూడా చూళ్ళేదు."

"సముద్రంలో ఇసుకని రోజుకి రెండుసార్లు పోటొచ్చి కడుగుతుంది. నీ ట్యాంకుని ఎవరు కడుగుతారు? నువ్వే కదా? నువ్వేమో వంగలేవు."

నాకు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, వాదన నెగ్గానని లోపల సంబరపడ్డాను. పంతొమ్మిదేళ్ళ ఇసుక ట్యాంకు గాజు పక్షంలోకి వచ్చిందని క్లబ్బులో చెప్పుకోవచ్చు. నా బుద్ధి అప్పుడు అక్కడే ఉంది.

ఆ ఆదివారం క్లెమ్ జాయ్‌లీన్‌ని అడిగాడు. ఆమె పటకారు కడుగుతూ వింది.

"ఇసుకో గాజో నాకేం తెలుసు క్లెమ్? నీకు తెలిసిన పని నువ్వు చెయ్యి. అది బతికుంటే చాలు నాకు."

వారానికి అరచేతి మేర చొప్పున, నాలుగు నెలలు పట్టినా మెల్లగా తీయాలని నేను క్లెమ్‌కి చెప్పాను. చెప్పిన మాట నిజమే. కానీ క్లెమ్ ఒప్పుకోలేదు. పగడాలు ఏరేవాళ్ళకి ఒక పద్ధతి ఉంది. ఆటుకీ పోటుకీ మధ్య నీళ్ళు నిలిచే కాసేపట్లోనే దిగాలి, ఏరాలి, బుట్ట మూయాలి. నీళ్ళు మళ్ళీ కదిలితే చేతిలో ఏమున్నా వదిలి పైకి రావాలి. సగం పని అన్న మాట వాళ్ళకి పడదు.

"నాలుగు నెలలు తోడతావా? ముగ్గు వేస్తున్నావా?" అన్నాడు. "బుధవారం పన్నెండింటికి నీళ్ళు నిలుస్తాయి. ఒకటిన్నరకల్లా అయిపోవాలి."

నాలుగు గోడల మధ్య ఉన్న ట్యాంకుకి ఆటుపోట్ల పట్టిక చూసి ముహూర్తం పెట్టాడు. నేను నవ్వాను. వద్దని గట్టిగా అడ్డం పడాల్సింది పోయి నవ్వి ఊరుకున్నాను. బుధవారం పన్నెండింటికి చేతులకి తొడుగులేసుకుని వచ్చేశాను కూడా.

పగడాన్ని మాత్రం బకెట్లోకి తీసి పెట్టి, చేపల్ని ట్యాంకులోనే వదిలి ఇసుక తోడడం మొదలుపెట్టాం. మొదటి చేటకే కుళ్ళిన గుడ్ల వాసన గుప్పుమంది. నీళ్ళు బొగ్గు కడిగినట్టు నల్లబడ్డాయి. క్లెమ్ కుర్చీలో కూర్చుని గొట్టం పట్టుకుని "మీ అత్తగారి వంటింట్లో ఉన్నట్టుందా?" అని పెద్దగా నవ్వాడు. ఇసుక అడుగున అన్నేళ్ళుగా కదలకుండా ఉన్న విషమంతా పైకి తేలుతోందని నాకు తెలుసు. నీళ్ళు మారిస్తే సరిపోతుందనుకున్నాను. ఒంటిగంటా ఇరవైకి గాజు అడుగు తళతళలాడింది. క్లెమ్ గడియారం చూసుకుని, "ఇంకా పది నిమిషాలు మిగిల్చాం," అన్నాడు. నీళ్ళు మార్చి, రెండింటికి పగడాన్ని ఆ గాజు మీద పెట్టాం. అంత తృప్తిగా అతన్ని నేనెప్పుడూ చూడలేదు.

సాయంత్రానికి ట్యాంకులో తిరిగే చిన్న రొయ్యలు పక్కకి ఒరిగిపోయాయి. చేపలు నీటి పైకొచ్చి నోళ్ళు తెరిచి ఎగపోస్తున్నాయి. గురు, శుక్రవారాలు జెట్టీ నుంచి పీపాలతో సముద్రపు నీళ్ళు మోసి మోసి నా భుజాలు పడిపోయాయి. శనివారానికి ఆ ట్యాంకులో మిగిలింది మెదడు పగడం ఒక్కటే.

ఆదివారం జాయ్‌లీన్ వచ్చి ట్యాంకులోకి వంగి చూసింది.

"చేపలేవి?"

"పోయాయి," అన్నాడు క్లెమ్.

"ఇది బాగానే ఉందిగా?"

"బాగానే ఉంది."

పగడం రెండు రొయ్య ముక్కలు తింది. మూడోదాన్ని వదిలేసింది. జాయ్‌లీన్ ఆ ముక్కని పటకారుతో మళ్ళీ తీసి కాగితంలో చుట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ జాతి పగడం పగలంతా ఒళ్ళు ఉబ్బించుకుని చుట్టూ పరుచుకుంటుంది. కింద ఇసుక ఉంటే మెత్తగా సర్దుకుంటుంది. గాజు మీద ఉబ్బిన ప్రతిసారీ దాని అంచు ఒరుసుకుపోయింది. పదో రోజున ఆకుపచ్చ అంచు చిరిగి లోపలి తెల్లటి ఎముక కనిపించింది. నేను పరుగున కొట్టుకెళ్ళి గాజు గిన్నెలో కొత్త ఇసుక పోసి తెచ్చాను. అప్పుడు నాకు ఇసుక అంటే దేవుడితో సమానం. కానీ చిరిగిన చోట గోధుమరంగు జిగురు పట్టి కుళ్ళడం మొదలైంది. అది ఒకసారి పట్టాక ఆగడం చాలా తక్కువ.

క్లెమ్ ట్యాంకు పక్కన చెక్కపెట్టె బోర్లించుకుని దాని మీదే కూర్చున్నాడు. పిల్లలకి మందు పోసే సిరంజితో కుళ్ళిన తోలుని కొంచెం కొంచెంగా ఊదేసేవాడు. తుంటి నొప్పికి పళ్ళు బిగించి మూలిగేవాడు గానీ లేచేవాడు కాదు. తర్వాతి రెండు ఆదివారాలూ ఒంట్లో బాలేదని జాయ్‌లీన్‌కి ఫోన్ చేసి రావద్దన్నాడు. నేను వెళ్ళినప్పుడల్లా, "నోరు ఇంకా తెరుస్తోందిరా, చూడు," అనేవాడు. నేను చూసేవాణ్ణి. నాకు ఏమీ కనిపించేది కాదు. ఆ తర్వాతి శనివారం ఉదయం మడతల్లో ఎరుపన్నది లేదు. క్లెమ్ దాన్ని పైకి తీసి తువ్వాలు మీద పెట్టాడు. తోలంతా పోయి తెల్లటి ఎముక ఒక్కటే మిగిలింది.

నా కొట్లో అచ్చం అలాంటిదే ఒకటి ఉంది. అదే ఎరుపు, అదే ఆకుపచ్చ అంచు, ఒక వేలు అటూ ఇటూ.

"తెచ్చి పెట్టేస్తాను," అన్నాను. "జాయ్‌లీన్‌కి చూపు కూడా అంతంతమాత్రం. ఎవరికీ తెలీదు. అదీ రొయ్య తింటుంది."

క్లెమ్ తల అడ్డంగా ఊపాడు.

"ఆవిడకి ఇంకో అబద్ధం చెప్పే ఓపిక నాకు లేదు," అన్నాడు. "రేపు రమ్మన్నాను. నువ్వూ ఉండు."

మొదటి అబద్ధం ఏమిటని నేను అడగలేదు.

ఆదివారం పదింటికి జాయ్‌లీన్ సంచితో వచ్చింది. ట్యాంకు పంపులన్నీ ఆపేశాడు క్లెమ్. అన్నేళ్ళుగా ఆ ఇంట్లో ఆగని నీటి చప్పుడు లేకపోయేసరికి ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది. బల్ల మీద తువ్వాలు, దాని మీద ఆ తెల్లటిది.

"నిన్న పోయింది," అన్నాడు క్లెమ్.

ఆమె వచ్చి కూర్చుంది. సంచిలోంచి కాగితం పొట్లం తీసి, ఏం చేయాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది.

"ఇసుక తియ్యమన్నదెవరు?"

"నేనే," అన్నాను. ఆమె నా వైపు తల కూడా తిప్పలేదు.

"పంతొమ్మిదేళ్ళుగా నిన్నొక మాట అడక్కుండా ఉన్నాను క్లెమ్," అంది. "అడిగితే మళ్ళీ నీ మెట్లెక్కలేనని తెలుసు. ఎక్కకపోతే దానికి తిండెవరు పెడతారు? అందుకని ప్రతి వారం నోరు మూసుకుని దాని నోట్లో రొయ్య పెట్టి పోయాను. ఇప్పుడడుగుతున్నా. ఆ రోజు మిషను ఆగినప్పుడు నువ్వు పక్కనే ఉన్నావా?"

క్లెమ్ రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"లేను," అన్నాడు.

"మరెక్కడున్నావు?"

"పడవలో కింద గదిలో. టీ పెట్టుకుంటున్నా."

"ఎంతసేపు?"

"నీళ్ళు మరిగేదాకా. తర్వాత తాగేదాకా. పైన మిషను చప్పుడు ఆగడం నాకు వినపడింది జాయ్‌లీన్. ఆగి, మళ్ళీ అదే అందుకుంటుంది, ఎప్పుడూ అంతేగా అనుకున్నా. కప్పు పూర్తి చేసి పైకొచ్చా."

రస్ అంతసేపు నీళ్ళ అడుగున గాలి కోసం గొట్టం గుంజుతూ ఉండి ఉంటాడని నాకు తట్టింది. ఆమెకీ తట్టే ఉంటుంది. జాయ్‌లీన్ పగడాన్ని తువ్వాలుతో సహా చుట్టి సంచిలో పెట్టుకుంది. రొయ్య పొట్లం బల్ల మీద వదిలేసింది.

ఆమె గుమ్మం దాకా వెళ్ళాక క్లెమ్ కుర్చీ పట్టుకుని, తుంటి నొప్పికి ముఖం చిట్లించుకుంటూ లేచి నిలబడ్డాడు.

"జాయ్‌లీన్, వచ్చే ఆదివారం వస్తావా?"

ఆమె వెనక్కి తిరిగింది. ముఖంలో కోపం లేదు. ఎక్కడికైనా రమ్మంటే ఎందుకని అడిగినట్టే అడిగింది.

"నాకిక్కడ ఇంకేం పనుంది క్లెమ్?"

అని, ఒక్కో మెట్టే చూసుకుంటూ దిగి వెళ్ళిపోయింది.