తాళాలు ఆయనే ఇచ్చాడు

ఒబడయా ప్రియోలో అనే పెద్దాయన ముప్పయ్యొక్క ఏళ్లు బడి బస్సు నడిపాడు. అమెరికాలో దక్షిణ కరోలైనా తీరపు దీవుల్లో ఆయన బస్సు ఎక్కకుండా పెరిగిన నల్లవాళ్ల పిల్లలు లేరు. చర్చిలో ఆయన డీకన్, అంటే సంఘ పెద్ద. ఏటా వేసవి సెలవులకు ముందు, కొత్తగా లైసెన్సు తీసుకోబోయే పిల్లలను చర్చి కింది గదిలో కూర్చోబెట్టి, పోలీసు ఆపితే ఎలా మసలుకోవాలో నేర్పేవాడు. చేతులు స్టీరింగు మీదే ఉంచాలి. గొంతు పెంచకూడదు. మొహంలో నవ్వు చెదరకూడదు. పోలీసుకేదో కావాలని తోస్తే, నోరు తెరిచి అడిగేలోగానే ఇచ్చేయాలి. ఈ పాఠం ఒబడయా తన తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. తండ్రి తన అన్న శవం దగ్గర నేర్చుకున్నాడు.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం, భార్య సమాధి చుట్టూ గడ్డి పీకి తిరిగి వస్తుంటే, కోడీ స్ట్రిక్లన్ అనే పోలీసు డిప్యూటీ ఆయన కారును ఆపాడు. పాతికేళ్లు నిండని కుర్రవాడు. రోడ్డు పక్క తెల్ల గీత తొక్కావంటూ హెచ్చరిక చీటీ రాసి, లైసెన్సుతో సహా చేతికిచ్చాడు. అంతటితో ఆ పని ముగిసింది. అయినా స్ట్రిక్లన్ కదలలేదు. కిటికీ మీద మోచేయి ఆనించి నిలబడ్డాడు.

"ఏం పెద్దాయనా, డిక్కీలో ఏం దాచావేంటి? శవాలు గట్రా లేవు కదా?"

"లేవు సార్. మా ఆవిడ సామాను ఉంది, అంతే," అని ఒబడయా నవ్వాడు. నవ్వుతూనే తాళాలు తీసి అతని చేతిలో పెట్టాడు.

డిక్కీలో భార్య అర్నెట్టా చేతిసంచి ఉంది. ఏప్రిల్‌లో ఆమె కేన్సరుతో పోయింది. ఆస్పత్రి నుంచి తెచ్చిన ఆ సంచిని ఇంట్లోకి తీసుకుపోయే ధైర్యం ఆయనకు ఇంకా రాలేదు. అందులో ఒక పిప్పరమెంటు డబ్బా, డబ్బాలో ఏడు నొప్పి మాత్రలు ఉన్నాయి; డాక్టరు చీటీ లేనివాళ్లు దగ్గరుంచుకుంటే నేరమయ్యే మత్తు రకం. మందు సీసా మూత అర్నెట్టా వంకర తిరిగిన వేళ్లకు లొంగేది కాదు. అందుకే మాత్రలు డబ్బాలో పోసుకుని, సీసా పారేసేది. డబ్బా మీద ఎవరి పేరూ లేదు. స్ట్రిక్లన్ మాత్రలను కారు బానెట్ మీద పరిచి ఫోటో తీశాడు. తర్వాత ఒబడయా చేతులకు సంకెళ్లు వేశాడు.

మందుల దుకాణం వాళ్లు ఆ మాత్రలకు డాక్టరు రాసిన చీటీ నకలు ఇచ్చారు. ప్రాసిక్యూటరు దాన్ని తిరగేసి, ఇది చనిపోయిన మనిషి పేరున ఉంది, ఈయన పేరున కాదు అన్నాడు. నేరం రుజువైతే బస్సు నడిపే పర్మిట్ పోతుంది. అర్నెట్టా పోయాక ఒబడయా ఉదయం నాలుగింటికి లేవడానికి మిగిలిన కారణం ఆ బస్సొక్కటే.

ప్రభుత్వం ఇచ్చిన ప్లీడరు మిస్ టాల్‌బర్ట్ వయసులో చిన్నదే అయినా మనసుపెట్టి పోరాడింది. పోలీసు కారు కెమెరాలో ఒబడయా చక్రం గీతను తాకినట్టు ఎక్కడా కనబడదని, చీటీ ఇచ్చాక ఆయనను నిలిపే హక్కు స్ట్రిక్లన్‌కు లేదని వాదించింది. ఆపడమే అక్రమమైతే మాత్రలు సాక్ష్యానికి పనికిరావు. మాత్రలు లేకపోతే కేసే లేదు. తాళాలు భయంతోనే ఇచ్చాడని చెప్పించడానికి ఆమె ఒబడయానే బోనెక్కించింది. ఆయన చర్చి గదిలో నేర్పే పాఠమంతా దాచకుండా చెప్పాడు.

ప్రాసిక్యూటరు లేచాడు.

"అయితే పోలీసులతో ఎలా నడుచుకోవాలో ఊరందరికీ నేర్పేది మీరేనన్నమాట. డిప్యూటీ తుపాకి తీశాడా?"

"లేదు సార్."

"తాళాలు అడిగాడా?"

"అడగలేదు సార్."

"వీడియోలో మీరు నవ్వుతున్నారు. భయపడినవాడు అలా నవ్వుతాడా?"

"భయపడినవాడే అలా నవ్వుతాడు సార్."

వెనక బెంచీలో స్ట్రిక్లన్ పక్కనున్నవాడు కిసుక్కుమన్నాడు. జడ్జి తలెత్తలేదు.

జడ్జి ఉత్తర్వు నాలుగు పేజీలు. వీడియో అస్పష్టంగా ఉంది, గీత విషయంలో డిప్యూటీ పొరబడినా అది సహేతుకమైన పొరపాటే అని మొదటి రెండు పేజీలు. చీటీ ఇచ్చాక జరిగింది స్నేహపూర్వక సంభాషణ. ఇలాంటి సందర్భాలపై ఇతరులకు శిక్షణ ఇచ్చేంత తెలిసిన వ్యక్తి, అడగకుండానే, నవ్వుతూ తాళాలు అందించాడు కనుక సోదాకు సమ్మతి ఉంది అని మిగతా రెండు. నవ్వు అన్న మాట అందులో ఐదు చోట్ల ఉంది. భయం అన్న మాట ఒక్కచోట కూడా లేదు.

నేరం ఒప్పుకుంటే జైలు లేకుండా చూస్తామని ప్రాసిక్యూటరు కబురు పెట్టాడు. ఒప్పుకుంటే ఆ సోదా తప్పని ఇక ఏ పైకోర్టులోనూ అడగడానికి ఉండదని, ఒప్పుకోకపోతే సోమవారమే విచారణ అని, ఓడితే జైలు తప్పదని మిస్ టాల్‌బర్ట్ వివరించింది.

"జడ్జిగారు కొన్ని ప్రశ్నలు వేస్తారు, ప్రియోలో గారూ. అన్నిటికీ సరైన జవాబు చెప్పకపోతే ఒప్పుకోలు చెల్లదు."

"సరైన జవాబంటే నిజమా అమ్మా?"

ఆమె ప్రశ్నల కాగితం ఆయన ముందుకు జరిపింది.

శుక్రవారం ఉదయం జడ్జి అచ్చు కాగితం చూసి చదివాడు. ఎవరైనా బెదిరించారా? లేదు సార్. ఎవరైనా ఆశ పెట్టారా? లేదు సార్. ఇది మీ అంతట మీరు, ఎవరి ఒత్తిడీ లేకుండా చేస్తున్నదేనా?

ఒబడయా ఏదో అన్నాడు. జవాబులు టైపు చేస్తున్న కోర్టు ఆవిడకు వినబడలేదు. జడ్జి గట్టిగా చెప్పమన్నాడు.

"నా అంతట నేనే సార్," అని ఒబడయా గట్టిగా చెప్పాడు.